అత్తగారి నాణెముల పెట్టె

మన యిండ్లలో అటకమీదనో, భోషాణము అడుగుననో, దేవుని గూటిలోనో పెద్దలు దాచిపోయిన వస్తువులు కొన్ని యుండును. పండుగకొకమారు వానిని తీసి, తుడిచి, మరల యథాస్థానమున నుంచుదుము. “ఇవి యెంత చేయును?” అను ప్రశ్న ఇల్లు పంచుకొనునాడో, చేతిలో సొమ్ము లేనినాడో తప్ప మనకు తోచదు. ఆ రెండును నెమ్మదిగా ఆలోచించుటకు తగిన దినములు కావు. మొన్నటి వర్షాకాలమున మాకు ఈ సంగతి అనుభవమునకు వచ్చినది. అందులో మా తప్పులు రెండున్నవి. ఒకటి చేతితో చేసినది. రెండవది నోరు విప్పక చేసినది. రెండింటిని దాచక వ్రాయుచున్నాము.

మావారు బడిపంతులు. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటియందే కూర్చుండబెట్టి అమరమును, కావ్యములును, భారత భాగవతములును చెప్పిరి. అందుచేత శ్యమంతకమణి దినమునకు ఎనిమిది బారువుల బంగారము నిచ్చునని మాకు చిన్ననాడే తెలియును గాని, మా యింటి రూపాయిలో వెండి యెంత యున్నదో మొన్నటివరకును తెలియదు.

మా అత్తగారు పరమపదించి ఆషాఢమునకు ఏడాది నిండినది. సంవత్సరీకము జరిగిన మరునాడు ఆమె పెట్టెను తెరచితిమి. పాత పట్టుచీర కొంగు చింపి కట్టిన మూట యొకటి అందులో నున్నది. విప్పి చాపమీద పోయగా ఆంగ్లప్రభుత్వపు రూపాయలు 31, ఆమె పుట్టినింటివైపునుండి వచ్చిన నైజాము రూపాయలు 7, చిల్లర రాగి నాణెములు ఒక గుప్పెడు, వానితోపాటు పెద్ద రాగిబిళ్ళ యొకటి తేలినవి. ఆ బిళ్ళకు ఒకవైపున సీతారామలక్ష్మణులు, పాదములకడ హనుమంతుడు. రెండవవైపున ఈస్టిండియా కంపెనీ అనియు, ఒక అణా అనియు, 1818 అనియు ఆంగ్లాక్షరములు. అత్తగారు నిత్యము దానికి కుంకుమ పెట్టెడివారు.

మావారికి అక్కగారొక్కరే. ఆమె ఖమ్మము దాపున నుందురు. భర్త పోయి నాలుగేండ్లయినది. కుట్టుపనిమీద ఇల్లు గడుపుచు కూతురును పాలిటెక్నిక్కులో చేర్పింపవలెనని పాటుపడుచున్నారు. ఆడపిల్ల మొదట కోరుకొనవలెనని అత్తగారు చెప్పిపోయిన మాట. వదినగారు మూటవంక చాలసేపు చూచి, “నాకీ రాముడి బిళ్ళ చాలమ్మాయీ. తక్కినవి మీరే ఉంచుకోండి” అనిరి. నైజాము రూపాయలు ఏడును తల్లి పుట్టినింటివి గనుక తీసికొనక తప్పదని మావారు బలవంతముగా ఆమె చేతిలో పెట్టిరి. ఆమె భక్తికి మేము మెచ్చుకొంటిమి. మూట ముడివైచి మా బీరువాలో పెట్టుకొంటిమి.

ఇక మా మొదటి తప్పు. శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతము వచ్చినది. అత్తగారి రూపాయలను కలశమువద్ద పెట్టి పూజించవలెనని మాకు ముచ్చట కలిగినది. నల్లబడిన రూపాయలను అమ్మవారియెదుట పెట్టుటెట్లు? గిన్నెడు చింతపండు పులుసులో వానిని నానవైచి, విభూతితో రుద్ది, మెత్తని గుడ్డతో తుడిచితిమి. ఒక్కొక్కటియు అద్దమువలె మెరసినది. పేరంటమునకు వచ్చినవారందరును “ఇప్పుడే అచ్చువేసినట్లున్నవి” అని మెచ్చిరి. మాకు గర్వము కలిగినది.

వ్రతమైన కొన్నాళ్ళకు మావారి పూర్వశిష్యుడొకడు మమ్ము చూడవచ్చెను. అతనికి చిన్ననాటినుండి నాణెములు కూర్చు అభిరుచి కలదు. జేబులో ఎప్పుడును భూతద్దముండును. రూపాయలను చూపగానే అతని ముఖము చిన్నబోయినది. “అమ్మగారూ, చింతపండు పెట్టారా?” అని యడిగెను. వెండి గాలిలోని గంధకముతో కలిసి ఏండ్ల తరబడి మెల్లగా నల్లబడునట. ఆ నలుపు మురికి కాదు, వయసు. కూర్చువారు దానినే కోరుదురట. పులుసు ఆ పొరను తినివేయును. విభూతి కంటికి కానరాని గీతలను గీయును. అతడు భూతద్దము మా చేతికిచ్చి చూపెను. రాణిగారి చెక్కిలిమీద వెంట్రుకలవంటి గీతలు వందలుగా నున్నవి. అవి మా చేతివ్రాలు! ఒకసారి పోయిన పొర మరల రాదు.

సిగ్గుపడి కూర్చున్న మాకు అతడు ఓపికతో అంతయు విప్పి చెప్పెను. సోదరీమణులకు ఉపయోగపడునని ఆ మాటలు ఇచట వ్రాయుచున్నాము.

పాత నాణెమునకు వెల మూడువిధములు. మొదటిది లోహపు వెల. 1835లో కుంపిణీవారు దేశమంతటికి ఒకే తీరు రూపాయి వేసిరి. దాని తూకము ఒక తులము, అనగా 11.66 గ్రాములు. అందులో పండ్రెండు పాళ్ళకు పదునొకండు పాళ్ళు వెండి. కనుక ఒక్కొక్క రూపాయిలో శుద్ధమైన వెండి సుమారు 10.7 గ్రాములు. విక్టోరియా రాణి, ఏడవ ఎడ్వర్డు, ఐదవ జార్జి రూపాయలన్నియు ఇట్టివే. పూర్వము అంగళ్ళలో రూపాయినే తులపురాయిగా త్రాసులో వేయుటకు కారణమిదియే. 1940లో యుద్ధకాలమున వెండిని సగమునకు తగ్గించిరి. కావున 1940 మొదలు 1945 వరకు వచ్చిన ఆరవ జార్జి రూపాయిలో సుమారు 5.8 గ్రాములే యుండును. 1947 నాటి రూపాయి నికెలుది, అందు వెండి లేనేలేదు. చార్మినారు బొమ్మగల నైజాము రూపాయి 11.18 గ్రాముల తూకముగలది. యుద్ధకాలమునకు పూర్వపువానిలో వెండి సుమారు 9.1 గ్రాములు. ఆనాటి వెండిధరతో గుణించుకొన్నచో ఏ రూపాయియు ఇంతకు తక్కువ కారాదను అంచనా ఇల్లాలికి ఇంటివద్దనే తెలియును.

రెండవది అరుదుతనమునుబట్టియు, స్థితినిబట్టియు వచ్చు వెల. ప్రాతదైనంత మాత్రమున నాణెము అరుదు కాదు. 1862 నాటి విక్టోరియా రూపాయలు ఇప్పటికిని ఎన్నియో యున్నవి. దానికన్న ఎంతయో తరువాతిదైన 1939 రూపాయి మిక్కిలి అరుదు. అరుదగుటచేతనే దానికి దొంగముద్రలు మెండు. మా మూటలోని రూపాయలను అతడు వరుసగా పేర్చెను. మూడింటి అంచున అతుకు మచ్చలున్నవి. పూర్వమెవరో ఉంగరము అతికించి మెడలో వేసికొన్నవి. కూర్చువారు వానిని కోరరు. ఆరు సగము వెండివి. ఇరువదియొకటి సామాన్యమైనవి. మిగిలిన యొక్కదానిని పట్టుకొని అతడు కిటికీకడకు పోయెను.

అది 1911 నాటి ఐదవ జార్జి రూపాయి. దానిలో రాజుగారి దుస్తులమీద పతకపు గొలుసులో చిన్న ఏనుగు బొమ్మ యున్నది. తొండము పొట్టిగా పడుటచేత అది పందివలె కనబడినదట. ముస్లిములకు మనస్తాపము కలిగి అలజడి రేగగా ప్రభుత్వమువారు ఆ రూపాయలను ఆపివేసిరి. ముద్రించినవి సుమారు 94 లక్షలు. బయటికి వచ్చినవి సుమారు 7 లక్షలు మాత్రమే. తక్కినవానిని కరగించిరి. 1912లో తొండము దిద్ది వేరు అచ్చు వేసిరి. “తోమకుండా ఉంటే దీనికి ఇంకా మంచి ధర వచ్చేదమ్మా. ఇప్పటికైనా వెండి ధర కంటే కొన్ని రెట్లు పలుకుతుంది” అని అతడనెను.

తరువాత మేము రాముని బిళ్ళ సంగతి చెప్పగా అతడు చిరునవ్వు నవ్వెను. సీతారాముల బొమ్మతో కుంపిణీవారు నాణెములు వేయనేలేదు. 1616, 1717, 1818 వంటి సంవత్సరములు వేసి ఇటీవల ఎవరెవరో అచ్చుకొట్టిన బిళ్ళలవి. ఆంగ్లప్రభుత్వమువారు అణాకాసును 1907లో రాగి నికెలుల మిశ్రమముతో వేసిరి. 1835 కుంపిణీ నాణెములలో రాగివానికెల్ల పెద్దది అర్ధణాయే. దేవాలయములలో భక్తులు పూజించు రామటంకెలు వేరుగా నున్నవి. అవియు చెలామణి నాణెములు కావు.

అతడు వెళ్ళిన తరువాత మా మనస్సులో కలిగిన భావమును వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది. వదినగారు తామై కోరుకొన్నది వెల లేని బిళ్ళ. తామై వదలిపెట్టిన మూటలో మంచి రూపాయి మాకు దక్కినది. మేము మోసము చేయలేదు, ఆమెయే కోరుకొన్నది, భక్తితో పూజించుకొనుచున్నది, చెప్పి ఆమె మనస్సు నొప్పించుటెందుకు? ఇట్లు మాకు మేమే సమాధానము చెప్పుకొంటిమి. మావారు రెండుసార్లు “అక్కయ్యకు చెప్పవద్దా?” అని యడుగగా, “పండుగ కానిండు” అంటిమి. ఇట్లు పదునొకండు దినములు గడచినవి. ఇది మా రెండవ తప్పు.

వినాయకచవితినాడు పూజచేసి అక్షతలు పట్టుకొని కథ చదువుచుంటిమి. శ్యమంతకమణి పోయినందుకు శ్రీకృష్ణునిమీద నింద పడుట, ఆయన అడవులు పట్టిపోయి జాంబవంతుని గుహనుండి మణిని తెచ్చి సత్రాజిత్తునకు ఇచ్చివేయుట మీరందరును ఏటేట చదువునదే. ఆ ఘట్టము వచ్చునప్పటికి మా గొంతు పట్టినది. మణి చేతికి దొరికిన పిదప దానిని తెచ్చి సొంతదారునకు ఇచ్చినందువలన గదా ఆయన నింద తొలగినది! గుహలోనుండి దొరికినది, నాదియే యని ఉంచుకొన్నచో కథ యేమగును?

ఆనాటి మధ్యాహ్నమే వదినగారు ఫోను చేసిరి. గొంతులో ఎన్నడునులేని సంతోషము. “అమ్మాయీ, మా పిల్ల చదువు గట్టెక్కినట్లే! మన రాముడి బిళ్ళకు లక్షలిస్తారట. పరీక్ష పత్రానికి, పన్నుకు ముందుగా ఇరవై వేలు కట్టాలట. నా గాజులు తాకట్టు పెడుతున్నాను” అనిరి. ఆమె ఆ బిళ్ళనే కోరుకొనుటకు కారణము అప్పుడు మాకు బోధపడినది. అది భక్తి యొక్కటే కాదు, అక్కర. ఇట్టి బిళ్ళలకు లక్షలు వచ్చునని అంతకుముందే ఎవరో ఆమెకు సెల్‌ఫోనులో చూపియుండిరట. తమ్మునికి మంచి రూపాయలు వదలి, తాను ఒక్క బిళ్ళ తీసికొని పిల్లను చదివించుకొందునని ఆమె తలచినది. మాకు కాళ్ళక్రింద నేల కదలినట్లయినది. మేము చవితివరకును ఆగితిమి. గాజులు మరునాడు పోనున్నవి.

ఫోనులో చెప్పగా ఆమె నమ్మలేదు. కొంతసేపు మౌనముగా నుండి, “మీకూ కావాలని ఉంటే ముందే అనవలసింది అమ్మాయీ” అనిరి. ఆ మాట మాకు తగినదే. మరునాడు తెల్లవారుజామున మేము, మావారు మూట తీసికొని బస్సెక్కితిమి.

వదినగారి యింట చాపమీద మూట పోసితిమి. రాగి చిల్లరలో నున్న 1835 నాటి నిజమైన కుంపిణీ కాసును రాముని బిళ్ళ ప్రక్కన పెట్టితిమి. కాసు అరిగి, అంచులు మెత్తబడి, అక్షరములు చేతుల రాపిడికి నునుపెక్కి యున్నవి. బిళ్ళమీది అక్షరములు మొద్దుగా, పోతపోసినట్లున్నవి. రిజర్వు బ్యాంకువారు 2021 ఆగస్టులో చేసిన ప్రకటనను మావారు చదివి వినిపించిరి. తమ పేరు చెప్పి పాత నోట్లు నాణెములు కొనుటకు, అమ్ముటకు రుసుములు, కమీషనులు, పన్నులు అడుగువారిని నమ్మవద్దనియు, తాము అట్టి వ్యవహారము చేయమనియు, ఎవరికిని అట్టి అధికారము ఈయలేదనియు అందున్నది. రాగిపాత్ర బియ్యపుగింజలను లాగునని చెప్పి జనులను ముంచు ముఠాలను మన రెండు రాష్ట్రములలోను పోలీసులు పట్టుకొన్న సంగతులను గూడ జ్ఞాపకము చేసితిమి. ఆమె అన్నియు వినిరిగాని మనస్సు కుదురలేదు.

చివరకు మేమొక మాట చెప్పితిమి. “వదినగారూ, అతనికే ఫోను చేసి, నీవిచ్చు లక్షలలోనే ఆ ఇరువది వేలు మినహాయించుకొని మిగిలినది ఇమ్మని అడుగుడు.” ఆమె అట్లే అడిగిరి. అవతలివాడు మొదట నవ్వెను, తరువాత కసరెను, తరువాత ఫోను పెట్టివేసెను. మరల ఎన్నిసార్లు చేసినను ఎత్తలేదు. వదినగారు గాజులవంక చూచుకొని, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని కూర్చుండిరి.

అప్పుడు 1911 రూపాయిని ఆమె అరచేతిలో పెట్టి జరిగినదంతయు చెప్పితిమి. చింతపండు సంగతి చెప్పితిమి. పదునొకండు దినముల సంగతియు చెప్పితిమి. ఆమె మమ్ము తిట్టలేదు. “పదకొండు రోజులేగదా” అనిరి. ఆ మాట తిట్టుకన్న బరువుగా తగిలినది.

ఆనాడు మొదటినుండి మరల పంచుకొంటిమి. సామాన్యమైన ఇరువదియొక్క రూపాయలను అమ్మి పిల్లను చేర్పించుటకని నిశ్చయించితిమి. వానిలో శుద్ధమైన వెండి సుమారు 225 గ్రాములు, అరుగుదల పోగా కొంత తక్కువ. మొదటి అంగడివాడు లెక్క చెప్పక చేతితో ఎగురవేసి ఒక ధర అనెను. మేము గ్రాముల లెక్క చీటీమీద వ్రాసి చూపగా దిగివచ్చెను. రెండవ అంగడివాడు అంతకన్న మంచి ధర ఇచ్చెను. సొమ్ము లక్షలు కాదు. అయినను ప్రవేశపు రుసుమునకు, పుస్తకములకు సరిపోయినది. గాజులు ఆమె చేతులకే యున్నవి. 1911 రూపాయి ఆ పిల్లదని అందరమును ఒప్పుకొంటిమి. తొందరలేదు గనుక అది ఇప్పటికి కాగితపు సంచిలో భద్రముగా నున్నది. నైజాము రూపాయలను ఆ పిల్లయే చదువుచున్నది. చార్మినారు ద్వారములో మీమ్ అను అక్షరమున్న మహబూబ్ అలీఖానుదనియు, ఐన్ ఉన్న ఉస్మాన్ అలీఖానుదనియు గుర్తుపట్టి మాకు చెప్పుచున్నది. అతుకు మచ్చలున్న మూడు రూపాయలను ఎవరును అమ్ముదమనలేదు. అవి ఏ ముత్తవ్వ మెడలో నుండెనో!

మేము తెలిసికొన్నదానిని క్రోడీకరించి చెప్పుచున్నాము. పెద్దలు ఇచ్చిన నాణెమును తోమవద్దు, తుడువవద్దు, అంచులు పట్టుకొని చూడుడు. ప్లాస్టిక్కు సంచులలోగాక పొడి కాగితపు సంచులలో ఒక్కొక్కటి వేరుగా నుంచుడు. తూకము, సంవత్సరము, ఎవరినుండి వచ్చినదో పుస్తకములో వ్రాసికొనుడు. అడుగు వెలను చూచి మురియవద్దు. సెల్‌ఫోనులో ఎవడైనను ఎంతయైనను అడుగవచ్చును. వేలములలో నిజముగా అమ్ముడుపోయిన వెలయే వెల. ఇద్దరు ముగ్గురు తెలిసినవారిని అడుగక అమ్మవద్దు. కొనువాడు మీకు ఇయ్యవలెనుగాని మీరు వానికి ముందుగా ఇయ్యకూడదు. నూరేండ్లు దాటిన నాణెములకు 1972 నాటి పురావస్తు చట్టము వర్తించును, వానిని మనము విదేశములకు పంపరాదు. భూమిలో దొరికిన నిక్షేపమైనచో 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరుగారికి తెలుపవలెను.

వెల మూడువిధములని చెప్పి రెండింటినే వ్రాసితిమి. మూడవదానిని ఆ సాయంకాలము బయలుదేరునప్పుడు తెలిసికొంటిమి. రాముని బిళ్ళను ఏమి చేయుదురని మేము అడుగగా వదినగారు దానిని మరల దేవునిగూటిలో పెట్టి కుంకుమ దిద్దిరి. “ఇప్పుడు గుర్తుకొచ్చింది. నాకు పదేళ్లప్పుడు అమ్మ నన్ను నవమికి భద్రాచలం తీసుకుపోయింది. నేను గాజులు కావాలని ఏడిస్తే కొనలేదు. రెండు రూపాయలిచ్చి ఈ బిళ్ళ కొన్నది. ఇది ఉంటే గాజులు ఎప్పుడైనా వస్తాయిలే అన్నది” అని చెప్పి నవ్విరి. ఆమె చేతుల గాజులు గలగలలాడినవి.

మేము బస్సెక్కినప్పుడు ఆమె గుమ్మమువద్ద నిలుచుండి, “అమ్మాయీ, ఈసారి ఏమైనా తెలిస్తే ఆ రోజే ఫోను చెయ్యి” అనిరి. చేయుదుమని మాట యిచ్చితిమి.